నాలుగువందల పన్నెండు పుట్టుమచ్చలు

రేవుపాలెం పురపాలక సంఘంలో పనిచేసే నాలుగువందల పన్నెండు మందికీ ఎడమ చెంప మీద, సరిగ్గా ఒకే చోట, ఆవగింజంత పుట్టుమచ్చ ఉందని ఆఫీసు కనిపెట్టింది. ఇందులో వింతేమీ లేదని గుర్తింపు విభాగం సూపరింటెండెంటు భీమశంకరం గారు తేల్చేశారు. ఒకే గొడుగు కింద ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకి పోలికలు రావా అని ఆయన వాదన. మొగుడూ పెళ్లాలకి రావడం లేదూ?

వింతపడినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఫొటోలు తీసిన మేడిశెట్టి దొరబాబు. పేరులో తప్ప ఆ మనిషిలో ఎక్కడా దొరతనం లేదు. పన్నెండేళ్లు గోదావరి లంకల్లో పెళ్లిళ్లకి ఫొటోలు తీశాడు. ప్రతివాడి జేబులోకీ కెమెరా ఉన్న ఫోను వచ్చాక స్టూడియోకి తాళం వేసి, మున్సిపాలిటీలో కాంట్రాక్టు ఫొటోగ్రాఫరుగా చేరాడు. ప్రారంభోత్సవాలకి కత్తెర పట్టుకున్న చేతుల్నీ, మొక్కలు నాటిన రోజున మొక్కల్నీ ఫొటోలు తీస్తూ చల్లగా బతుకుతున్నాడు. అప్పుడొచ్చి పడింది ప్రత్యక్ష గుర్తింపు పథకం.

అంతకుముందు ఏడాది హాజరుపట్టీలో ముగ్గురు చనిపోయినవాళ్లు రోజూ సంతకాలు పెడుతున్నట్టు బయటపడింది. వాళ్లలో ఒకాయన సెలవు కూడా పెట్టుకున్నాడు. దాంతో కమిషనర్ అనంతపద్మనాభం గారికి కోపం వచ్చి, ప్రతి ఉద్యోగికీ ఫొటోతో కొత్త గుర్తింపు కార్డు ఇవ్వాలన్నారు. నిబంధనలు రాసే పని భీమశంకరం గారికి అప్పజెప్పారు. ఆయనకి నిబంధనలు రాయడమంటే కొందరికి పనసతొనలు తినడంలాంటిది. ఆపడం చేతకాదు. పద్దెనిమిది రాశారు.

అందులో ఏడోది ముఖ్యమైనది. పాత రికార్డుల్లో గుర్తింపు మచ్చలు ఉద్యోగులే చెప్పుకునేవారు. ఒకరు వీపు మీద అంటారు, ఇంకొకరు తొడ మీద అంటారు. పొద్దున్నే గేటు దగ్గర ఎవరు విప్పి చూస్తారు? అందుకని ఏడో నిబంధన ఇలా వచ్చింది: "గుర్తింపు చిహ్నములను ఫొటోను బట్టి మాత్రమే నమోదు చేయవలెను. ఈ విషయమున ఉద్యోగి మాట చెల్లదు. ఫొటోకు, మొహమునకు భేదము వచ్చినచో ఫొటోయే ప్రమాణము."

"ఈ దేశములో ఇంతటి శాస్త్రీయమైన నిబంధన మరొకటి లేదు" అన్నారు కమిషనర్ గారు సంతకం చేస్తూ. ఉందో లేదో ఎవరూ వెతకలేదు.

దొరబాబు మీటింగు హాల్లో తెల్లగోడ ముందు స్టూలు వేసి, ఆరు రోజుల్లో నాలుగువందల పన్నెండు మందినీ కూర్చోబెట్టి తీశాడు. అందరి కళ్లూ ఒకే గీత మీదికి రావాలని నాలుగో నిబంధన. పొట్టివాళ్లకి స్టూలు ఎత్తి, పొడుగువాళ్లకి దించి, ఆ గీత తప్పకుండా తీశాడు. ఏడో రోజు మధ్యాహ్నం ఫొటోలన్నీ కంప్యూటర్లో వరసగా పెట్టి చూసుకుని, కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. కమిషనర్ గారికి మచ్చ. జీపు డ్రైవరుకి మచ్చ. దోమలమందు కొట్టే ఆయనకి మచ్చ. తన ఫొటో తనే తీసుకున్నాడు, తనకీ మచ్చ. గబగబా చెంప తడుముకున్నాడు. గడ్డం తప్ప ఏమీ తగల్లేదు.

లెన్సు మీద మరకేమోనని తుడిచాడు. పోలేదు. లెన్సు మార్చాడు. మచ్చ కదల్లేదు. అప్పుడు మనుషుల్ని వదిలేసి, ఖాళీ గోడవైపు తిప్పి, లెన్సులో వెలుతురు దూరే కన్నాన్ని, అదే ఎపర్చరుని, ఇరవై రెండు దాకా సన్నగా మూసి ఒక ఫొటో తీశాడు. పాలరాతిలాంటి గోడ మీద, మనిషుంటే చెంప ఉండే చోట, నల్లగా చుక్క. ఎపర్చరు బారుగా తెరిచి తీస్తే మసకబారి మాయమైపోయింది. మళ్లీ మూస్తే మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంక అనుమానం లేదు. లోపల బొమ్మ పడే పలక, అదే సెన్సరు, దాని మీద నలక పడింది.

పెళ్లిళ్ల రోజుల్లోనూ ఒకసారి ఇలాగే పడింది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. పెళ్లికూతురికి ఎలాగూ బుగ్గచుక్క ఉంటుంది, పెళ్లికొడుక్కీ పెడతారు. ఆఖరికి పురోహితుడి మొహాన చుక్క చూసి ఆయన భార్య అడిగితే తెలిసింది. ఆ మాత్రం అడిగే మనిషి మున్సిపాలిటీలో లేకపోయారు. దొరబాబు ఖాళీ గోడ ఫొటో పట్టుకుని భీమశంకరం గారి దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, పొరపాటైపోయిందండి. అవి పుట్టుమచ్చలు కావండి. కెమెరాలో నలకండి."

భీమశంకరం గారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశారు. "ఎవరి మచ్చ గురించి మాట్లాడుతున్నావు?"

"అందరిదీనండి. మీదీనండి. మీకు చెంప మీద మచ్చుందాండి? ఒక్కసారి అద్దంలో చూసుకోండి."

"నాకు మచ్చ ఉందో లేదో నేను చెప్పకూడదు. నేనూ ఉద్యోగినే. ఉద్యోగి మాట చెల్లదు. ఏడో నిబంధన."

"మరి గోడక్కూడా వచ్చిందండి!" ఫొటో ఆయన ముందు పెట్టాడు.

భీమశంకరం గారు భూతద్దం తీసి గోడని శ్రద్ధగా పరీక్షించారు. "ఏ గోడ ఇది?"

"మన మీటింగు హాలుదేనండి."

"మన గోడేగా? మరింకేం? సంస్థ గోడకి సంస్థ లక్షణం వచ్చింది" అని, ఆ ఫొటోని కూడా ఫైల్లో పెట్టి, నాలుగువందల పదమూడో కాగితంగా నంబరు వేసేశారు.

సోమవారం పొద్దున్న పదింటికి గేటు దగ్గర బల్ల వేసుకుని, భూతద్దం పుచ్చుకుని భీమశంకరం గారు తనిఖీకి కూర్చున్నారు. ముందు జీపు డ్రైవరు వచ్చాడు. కార్డులో మచ్చ ఉంది, మొహం మీద లేదు. "నువ్వు నువ్వు కాదు, పక్కకి నిలబడు" అన్నారు. తర్వాత వచ్చిన టైపిస్టమ్మా తను కాదు. పన్ను వసూలు చేసేవాళ్లు ఎవరూ వాళ్లు కారు. పదకొండయ్యేసరికి మున్సిపాలిటీ మొత్తం నడిరోడ్డు మీద నిలబడి ఉంది. జనన ధ్రువపత్రం కోసం వచ్చిన ఒకావిడ, లోపల ఎవరూ లేరు, బయట ఉన్నవాళ్లు ఎవరూ కారు, నేనెవర్ని అడగాలని నెత్తీనోరూ బాదుకుంది.

అప్పుడు కమిషనర్ గారి కారొచ్చింది. భీమశంకరం గారు లేచి నమస్కారం పెట్టి, కార్డు చూసి, భూతద్దం చెంప దగ్గర పెట్టి, తల అడ్డంగా ఊపారు.

"అనగా, నేను నేను కానని మీ తాత్పర్యమా?"

"తాత్పర్యం నాది కాదండి. నిబంధనది. తమరే సంతకం చేశారు."

కమిషనర్ గారికి కోపం రావాలి. కానీ సంతకం తనదే. తను రాయించిన నిబంధనని తనే తప్పితే ఊళ్లో పరువేముంటుంది? "మరి దీనికి తరుణోపాయము?" అన్నారు.

భీమశంకరం గారు జేబులోంచి చిన్న కాటుక భరిణె తీశారు. అప్పుడు చూశారందరూ. ఆయన ఎడమ చెంప మీద అచ్చంగా ఫొటోలో ఉన్నచోటే నల్లటి చుక్క. పొద్దున్నే అద్దంలో చూసుకుని, మొహాన మచ్చ లేకపోవడం తన క్రమశిక్షణా లోపంగా భావించి, భార్య చేత పెట్టించుకుని వచ్చారట.

"ఇది మచ్చ పెట్టుకోవడం కాదండి" అన్నారు ఆయన, కమిషనర్ గారి చెంప మీద వేలు ఆనిస్తూ. "ఉన్న మచ్చని పునరుద్ధరించడం."

ఆ రోజు నుంచి రేవుపాలెం మున్సిపాలిటీకి కొత్త కళ వచ్చింది. ముక్కు అంచు నుంచి ఇన్ని అంగుళాలు, చెవి తమ్మె నుంచి ఇన్ని అంగుళాలు అంటూ మచ్చ చిరునామా తెలిపే ఉత్తర్వు వచ్చింది. గేటు దగ్గర పువ్వులమ్మే ఆవిడ పువ్వులు మానేసి కాటుక డబ్బాలు పెట్టింది. అసలు చిక్కు ఏమిటంటే, అది మే నెల. గోదావరి జిల్లాల మే నెలలో మనిషే కరిగిపోతాడు, కాటుకెంత? మధ్యాహ్నానికి మచ్చలు చెంప మీంచి దవడకీ, దవడ మీంచి చొక్కా కాలరుకీ దిగేవి. దవడ దాటిన మచ్చకి పూట సెలవు రాసేవారు. మచ్చ జారిన కేసులు రోజుకి అరవై దాటాక కమిషనర్ గారు మీటింగు పెట్టారు.

"తాత్కాలిక చర్యలతో వ్యవస్థలు నిలువవు. శాశ్వత పరిష్కారము ఆలోచించవలెను" అన్నారు. మర్నాటికల్లా గుమ్మానికి గుడ్డ బ్యానరు కట్టారు. జూన్ ఒకటో తారీఖున పచ్చబొట్టు మహాశిబిరం. ఉద్యోగులందరికీ ఎడమ చెంప మీద. ప్రారంభకులు కమిషనర్ గారు.

ఆ బ్యానరు చూసి దొరబాబుకి అన్నం సయించలేదు. తన కెమెరాలో పడ్డ నలకని నాలుగువందల మంది మొహాల మీద సూదుల్తో పొడవబోతున్నారు. టైపిస్టమ్మకి ఇంకా పెళ్లి కూడా కాలేదు. ఒకసారి నిజం చెప్పి చూశాడు, అది ఫైల్లోకి వెళ్లిపోయింది. ఈసారి తెలివిగా, మచ్చల ఊసెత్తకుండా ఒక్క ముక్క రాశాడు: "కెమెరా లోపల మురికిగా ఉన్నది. శుభ్రం చేయుటకు అనుమతి ఇప్పించవలెను." కెమెరా శుభ్రంగా ఉంటే కొత్త ఫొటోలు తీయచ్చు, కొత్త ఫొటోలుంటే సూదులు అక్కర్లేదు. అదీ ఆశ.

రెండు రోజుల్లో కాగితం తిరిగొచ్చింది. దాని మీద ఎర్రసిరాతో ఇలా ఉంది: "శుభ్రము అను అంశము పారిశుధ్య విభాగమునకు చెందును. ఫొటోగ్రాఫరు శుభ్రము చేయరాదు. ఒక కార్మికురాలిని సామగ్రితో సహా కేటాయించడమైనది."

సామగ్రితో సహా వచ్చిన మనిషి మరిడమ్మ. చేతిలో రోడ్లూడ్చే పొడుగు చీపురు, చంకన తట్ట, తట్టలో సగం బస్తా బ్లీచింగు పొడి. యాభై దాటిన మనిషి. చేపల బజారు నుంచి రేవు దాకా నాలుగు కిలోమీటర్ల రోడ్డు పంతొమ్మిదేళ్లుగా ఆవిడే ఊడుస్తోంది, అదీ టెంపరరీగానే. కూతురి పురిటికి వెళ్లి ఇరవై రోజుల తర్వాత ఆ వేళే పనిలో చేరింది.

"తమ్ముడూ, కెమెరా వార్డంట. ఎక్కడుందో సూపిత్తే ఊడిసేసి పోతాను" అంది.

దొరబాబు కెమెరా బల్ల మీద పెట్టి చూపించాడు. మరిడమ్మ దాన్నీ, తన చీపురునీ మార్చి మార్చి చూసింది. చీపురు గోడకి ఆనించేసి కొంగు నడుముకి దోపుకుంది. "సరే, పని పనే. ఎలాగో సెప్పు."

చెబుతుంటే మధ్యలో తన సంగతీ చెప్పుకొచ్చింది. ఇన్నేళ్లకి పర్మనెంటు చేసే జాబితాలో తన పేరు వచ్చింది. కొత్త కార్డు ఉంటే గానీ ఆర్డరివ్వరు. మే ముప్పై ఒకటి దాటితే ఆ జాబితా మురిగిపోతుంది. మళ్లీ ఎప్పుడు వేస్తారో దేవుడికే తెలియాలి, అప్పటికి తన వయసు దాటిపోతుంది. "ఇంక నాలుగు రోజులే ఉంది తమ్ముడూ. ఇదయ్యాక నాకో పొటో తీసెయ్యి."

బ్యాటరీ నిండా ఉందో లేదో చూశాడు దొరబాబు. మధ్యలో అది అయిపోతే పైకి లేచిన లోపలి అద్దం కిందికి పడుతుంది, చేతిలో పుల్ల లోపలే ఇరుక్కుంటుంది. నోటికి గుడ్డ కట్టుకోమన్నాడు. నోటితో ఊదితే తుంపర పడి ఒక నలక పది అవుతుంది. లెన్సు విప్పి, కెమెరాని బోర్లా పట్టుకుని, రబ్బరు బుడ్డితో కిందనుంచి గాలి కొట్టించాడు. మళ్లీ గోడ ఫొటో తీశాడు. చుక్క అక్కడే ఉంది.

"పైన వెతుకక్కా. ఫొటోలో కిందున్నది లోపల పైనుంటుంది."

మరిడమ్మ టార్చి వెలుగులో చూసింది. తపాలా బిళ్లంత గాజుపలక. దాని మీద గసగసాల్లో సగం ఉండే ముక్క. రోడ్డు మీద వంద గజాల దూరాన పడ్డ అరటితొక్కని పోల్చుకునే కళ్లు ఆవిడవి.

"ఊడిత్తే పోదిది. అంటుకుపోయింది. ఎర్రగా ఉంది... ఇది లక్క తమ్ముడూ. ఆపీసు సీలు లక్క."

దొరబాబు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. స్టోర్సు వారి పుస్తకంలో కెమెరా ఒక వస్తువు, లెన్సు ఇంకో వస్తువు. రెండూ కలిపి అప్పజెబితే ఒక వస్తువు తగ్గిపోతుందని వాళ్ల భయం. అందుకని రోజూ ఐదింటికి లెన్సు విప్పించి, కెమెరా నోటికి మూతపెట్టి, దాని మీద లక్క కరిగించి మున్సిపల్ ముద్ర కొడతారు. పొద్దున్నే ఆ లక్క పగలగొట్టి లెన్సు బిగించుకోవాలి. అలా పగలగొట్టినప్పుడు రాలిన పెళ్లే ఇది.

"మన ఆఫీసు ముద్రే అక్కా, అందరి మొహాల మీదా పడింది."

"పడితే పడింది గాని, తడిపి తియ్యాలి. రోడ్డు మీద తారు పెళ్ల కూడా అంతే" అంది మరిడమ్మ.

మెత్తటి గుడ్డ చుట్టిన వెడల్పాటి పుల్ల మీద దొరబాబు రెండు చుక్కల తుడిచే మందు వేసి ఇచ్చాడు. ఈ చివర్నించి ఆ చివరికి ఒక్కసారే లాగాలి, అదిమినా తప్పే, వెనక్కి లాగినా తప్పే అన్నాడు. మరిడమ్మ ఊపిరి బిగబట్టింది. ముగ్గు గీత గీసినట్టు ఒక్కసారి లాగింది. పుల్ల తిప్పి రెండో వైపుతో ఇంకోసారి. ఈసారి గోడ ఫొటోలో గోడ తప్ప ఏమీ లేదు. దొరబాబుకి ఏడుపొచ్చినంత పనైంది.

అదే గోడ ముందు ఆవిణ్ని కూర్చోబెట్టి ఫొటో తీశాడు. మరిడమ్మ తెర మీద తన మొహం చాలాసేపు చూసుకుంది. "బాగానే ఉన్నాను తమ్ముడూ" అంది కొంచెం సిగ్గుగా.

బాగుండటమే కొంపముంచింది. కార్డులో గుర్తింపు చిహ్నం దగ్గర "లేదు" అని వచ్చింది. అది చూసి భీమశంకరం గారు కుర్చీలోంచి లేచారు. కెమెరా బాగుపడింది సార్, అందరికీ మళ్లీ తీద్దాం, పచ్చబొట్లు వద్దు అని దొరబాబు బతిమాలాడు. ఒకసారి నమోదైన మచ్చని మళ్లీ ఫొటో తీసి తొలగించాలంటే కమిషనర్ ఉత్తర్వు కావాలన్నారు ఆయన. మరిడమ్మ కాగితం మీద మాత్రం ఆక్షేపణ రాసి, విచారణకి తేదీ వేశారు. మే ముప్పై ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. కమిషనర్ గారి గదిలో ఫ్యాను రెక్కలు ఊరికే వేలాడుతున్నాయి. కమిషనర్ గారు చెమటలు కక్కుతూ కూర్చున్నారు. చెంప మీద పునరుద్ధరించిన మచ్చ నిగనిగలాడుతోంది. ఎదురుగా మరిడమ్మ, ఆవిడ వెనక దొరబాబు నిలబడ్డారు.

భీమశంకరం గారు చదివారు. "సంస్థలోని నాలుగువందల పన్నెండు మందికిని గల సహజ లక్షణము ఈమెకు కానరాదు. కావున ఈమె ఈ సంస్థకు చెందిన వ్యక్తి కాదేమోనని సందేహము కలుగుచున్నది."

"నీ మచ్చ ఏమైనది?" అడిగారు కమిషనర్ గారు.

"నాకు లేదండి బాబు. మా యమ్మ ఈ మొగమే ఇచ్చిందండి. పంతొమ్మిదేళ్లు ఈ మొగంతోనే ఊడిసేనండి. ఒక్కరైనా మచ్చేదని అడగలేదండి."

"పోనీ, రేపటి శిబిరములో ముందు వరుసలో పచ్చబొట్టు వేయించెదము. అంతటితో సమస్య తీరును."

"రేపటికి జాబితా మురిగిపోద్దండి" అన్నాడు దొరబాబు. "పైగా పచ్చబొట్టేయిస్తే ఆవిడ మొహం ఆవిడ ఫొటోలా ఉండదండి. ఏడో నిబంధన తప్పుతుందండి."

కమిషనర్ గారు భీమశంకరం గారి వైపు చూశారు. భీమశంకరం గారు నిబంధనల పుస్తకం వైపు చూశారు. మచ్చ లేకపోతే మనిషి కాదు. మచ్చ పెడితే ఆ మనిషి కాదు. ఇద్దరికీ ఈ ముడి ఎంతో నచ్చినట్టుంది, తలలు పంకిస్తూ కూర్చున్నారు. మరిడమ్మ మాత్రం తలెత్తి గోడవైపు చూసింది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. పంతొమ్మిదేళ్ల చాకిరీ సాయంత్రం ఐదింటికి మురిగిపోబోతోంది.

"విచారకరమే. అయినను నిబంధన..." అంటూ కమిషనర్ గారు కలం తీశారు. తల వంచేసరికి చెమట బొట్టొకటి కణత మీంచి జారి మచ్చని తాకింది. కాటుక చారికలుగా మీసంలోకి దిగడం మొదలెట్టింది.

"అయ్యో బాబుగారూ, కారిపోతందండి!" అంటూ మరిడమ్మ రెండడుగులు ముందుకేసి, కొంగుతో ఆయన చెంప తుడిచేసింది. ఆవిడకి ఇంకో ఆలోచన లేదు. మురికి కనబడితే తుడవడం పంతొమ్మిదేళ్ల అలవాటు. ఇంట్లో మనవడి మూతి తుడిచినట్టే తుడిచింది, చెవి వెనక కూడా.

కమిషనర్ గారి చెంప అద్దంలా మెరుస్తోంది.

భీమశంకరం గారు నెమ్మదిగా భూతద్దం తీశారు. ఒకటి ఒప్పుకోవాలి, ఆ మనిషికి పక్షపాతం లేదు. కార్డు చూశారు, చెంప చూశారు. "ఈ కుర్చీలో ఉన్న వ్యక్తి కమిషనర్ గారు కారు."

"శంకరం గారూ!"

"దయచేసి లేవండి. అది కమిషనర్ గారి కుర్చీ" అన్నారు భీమశంకరం గారు. తర్వాత బల్ల మీది అద్దంలో తన మొహం కూడా చూసుకున్నారు. ఆయన మచ్చ గడ్డం కిందికి వచ్చి ఉంది. "నేను కూడా నేను కాను" అన్నారు నిజాయితీగా. దొరబాబు జేబురుమాలు తీసి తన చెంప తనే తుడిచేసుకున్నాడు. "నేనూ కాదండి."

"మరి ఇప్పుడీ కార్యాలయమునకు దిక్కెవరు?" అన్నారు ఇందాకటిదాకా కమిషనర్ అయిన ఆయన.

భీమశంకరం గారు పేజీలు తిప్పారు. "పన్నెండో నిబంధన. కమిషనర్ లేని సమయమున, ఫొటోతో మొహము సరిపోలిన ఉద్యోగులలో హాజరై ఉన్న సీనియరు ఇన్‌చార్జిగా వ్యవహరించవలెను. శాశ్వతమా, తాత్కాలికమా అన్న ప్రస్తావన లేదు." భూతద్దంలోంచి మరిడమ్మని చూశారు. మచ్చ లేని ఫొటో, మచ్చ లేని మొహం. గుమ్మంలో మూగిన ఉద్యోగుల మచ్చలన్నీ అప్పటికే కాలర్లకి దిగాయి. మున్సిపాలిటీ మొత్తానికి ఫొటోలా ఉన్న మనిషి ఆవిడ ఒక్కతే. "నువ్వు... తమరు కూర్చోండి."

మరిడమ్మ కూర్చోలేదు. కుర్చీని కొంగుతో ఒకసారి దులిపింది. అప్పుడు అంచు మీద ఆనీ ఆనకుండా కూర్చుంది.

దొరబాబు ఆవిడ ఫైలు తెచ్చి ముందు పెట్టి కలం చేతికిచ్చాడు. "సంతకం పెట్టక్కా. నీ ఆర్డరు."

"కుదరదు" అన్నారు భీమశంకరం గారు. "ఎవరి ఫైలు మీద వారు సంతకం చేయరాదు. పదహారో నిబంధన."

మరిడమ్మ కలం బల్ల మీద పెట్టేసింది. "ఐతే ఈ బాబుగార్ని మళ్లీ కమీసనరు సెయ్యాలి. ఆరికి మొగం కడిగించి కొత్త పొటో తియ్యి తమ్ముడూ. కెమెరా బాగానే ఉందిగా." తర్వాత గుమ్మం దగ్గర మూగిన జనాన్ని చూసి గొంతు పెంచింది. "మీరందరూ కూడా ఎల్లి మొగాలు కడుక్కురండి. ఏటా మసి? పొద్దున్నే సూసి పోలేరమ్మ జాతరేమో అనుకున్నాను. ఆ సూదులోళ్లని కూడా రావొద్దని సెప్పండి."

ఇన్‌చార్జి కమిషనర్ మౌఖిక ఉత్తర్వు అని భీమశంకరం గారు రాసుకున్నారు. నాలుగువందల మంది కుళాయిల దగ్గరికి పరుగెత్తారు. కుళాయిల్లో నీళ్లు లేవు. మున్సిపాలిటీ కుళాయి కదా. ఇన్‌చార్జి గారి రెండో ఉత్తర్వుతో మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. నాలుగుంబావుకి అనంతపద్మనాభం గారు తడిమొహంతో స్టూలు మీద కూర్చున్నారు. నాలుగూ ఇరవైకి కరెంటు వచ్చింది, నాలుగున్నరకి కార్డు వచ్చింది. గుర్తింపు చిహ్నం లేదు. భీమశంకరం గారు కార్డు చూశారు, మొహం చూశారు, నమస్కారం పెట్టారు. "స్వాగతం సార్. ఇన్ని రోజులూ తమరు లేక ఇబ్బందిగా ఉండింది."

కమిషనర్ గారు ముందు పచ్చబొట్ల శిబిరం రద్దు చేసి, అందరికీ మళ్లీ ఫొటోలు తీయమన్నారు. ఆ తర్వాత, ఐదుకి పదినిమిషాలుందనగా, మరిడమ్మ ఫైలు మీద సంతకం పెట్టారు. చదవకుండానే పెట్టారు, మంచి పనులన్నీ ఆ ఆఫీసులో అలాగే జరుగుతాయి. దొరబాబు ఆర్డరు తీసుకుని పైకి చదివాడు. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"ఏటి తమ్ముడూ? పర్మనెంటు సెయ్యలేదా?"

"చేశారక్కా. శాశ్వత పారిశుధ్య కార్మికురాలు అనే ఉంది. పనిచేసే చోటు దగ్గర..."

"ఆఖరున చేసిన డ్యూటీని బట్టి రాయాలి" అన్నారు భీమశంకరం గారు. "ఆఖరి డ్యూటీ కెమెరా."

కమిషనర్ గారు చిరునవ్వు నవ్వి, ఈ సంస్థ శాస్త్రీయ పరికరాల పరిశుభ్రతకి ఎంతటి ప్రాధాన్యమిస్తుందో దీన్నిబట్టి లోకము గ్రహించగలదన్నారు. మరిడమ్మ ఆ కాగితం తీసుకుని కళ్లకద్దుకుంది. నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

"చానా సంతోసం బాబుగారూ. మీ దయ. తపాలా బిళ్లంత అద్దానికి పర్మనెంటు మనిసినేసేరు. నాలుగు కిలోమీటర్ల రోడ్డుకి పంతొమ్మిదేళ్లు టెంపరరీ మనిసితోనే కానిచ్చేరండి."

ఆ మాటకి జవాబు కోసం భీమశంకరం గారు పద్దెనిమిది నిబంధనలూ ఇంకా తిరగేస్తుండగానే, మరిడమ్మ చీపురు భుజాన వేసుకుని చేపల బజారు వైపు వెళ్లిపోయింది. ఇరవై నాలుగు రోజుల చెత్త ఉందక్కడ.